దీపముండగనే: విమానములో తోడు ఏర్పాట్లు, వాయిదా మరమ్మతులు

మేము నివసించునది హైదరాబాదులోని రామంతాపూరున. మా భవనమునకు నాలుగంతస్తులు. నేలక్రింద నీటి సంపు, మేడపైన ట్యాంకు, ఆ రెంటి నడుమ నీరెక్కించుటకు రెండు మోటార్లు కలవు. ఒకటి చెడినచో రెండవది ఆదుకొనునని, కట్టించిననాడే ముందుచూపుతో రెండు పెట్టించిరి. ఒక సంవత్సరము శివరాత్రి వెళ్లిన మరునాడు మొదటి మోటారు కాలిపోయెను. రెండవది నడచుచునేయుండెను. కుళాయిలలో నీరు యథాప్రకారము వచ్చుచుండెను. బాగుచేయింపవలెనని అందరము అనుకొంటిమి, ఎవరమును చేయింపలేదు. సరిగా నెల తిరుగునప్పటికి, ఉగాది ముందునాటి సాయంకాలము, రెండవ మోటారు కూడ ఆగిపోయెను. పండుగపూట తలంటు స్నానములకు నీరు లేక ట్యాంకరు తెప్పించి, బిందెలతో బకెట్లతో మెట్లెక్కితిమి. నాలుగవ అంతస్తులోని వృద్ధ దంపతులకు క్రింది ఇండ్ల పిల్లలు నీరు మోసి ఇచ్చిరి.

ఇందులో వింత యేమియు లేదు. ఇట్టివి ఇంటింట జరుగునవే. కాని ఇదే వ్యవహారము ఆకాశముననెగురు విమానములందును ప్రతిదినము జరుగుచున్నదని చెప్పినచో పాఠకులు ఉలికిపడవచ్చును. చెడిన పరికరమును చెడినట్లే ఉంచి, దాని మరమ్మతును వాయిదావేసి, ప్రయాణికులను ఎక్కించుకొని విమానములు బయలుదేరుట సర్వసాధారణము. అది దొంగచాటుగ జరుగు పనియు కాదు; ప్రభుత్వాంగీకారము గల నియమముల ప్రకారమే జరుగును. మన ఇండ్లలోని వాయిదాకును, విమానశాఖవారి వాయిదాకును గల భేదమేమి? ఒకటి పండుగనాడు పరువు తీయగా, రెండవది లక్షలాది జనమును క్షేమముగ గమ్యము చేర్చుట యెట్లు? ఆ క్షేమము ఎచ్చట సడలును? ఈ సంగతులను కొంచెము విచారింతము.

మొదట తోడు ఏర్పాటనగా నేమో చూతము. మన ప్రాంతపు విమానయాన చరిత్రనుండియే ఉదాహరణము తీసికొనవచ్చును. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటావారి సంస్థయు కలిసి దక్కను ఎయిర్‌వేస్ అను కంపెనీని నెలకొల్పినవి. బేగంపేట దానికి నిలయము. 1953 ఆగస్టులో దేశమందలి విమాన సంస్థలు జాతీయమైనప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో విలీనమయ్యెను. ఆ కంపెనీ నడపినవి డకోటా విమానములు. డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు 14 సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరులో ఇంధనమును మండించుటకు ఒక స్పార్కు ప్లగ్గు చాలును. కాని రెండేసి ఉండెడివి. ఆ ప్లగ్గులకు నిప్పురవ్వనందించు మాగ్నెటో యంత్రములును ఇంజనుకు రెండేసి. అనగా ఇంజనులో ఇంజను వలె, అన్నిటను జంట.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. రెండు మాగ్నెటోలలో ఒకటి చచ్చిపోయినను ఇంజను నడచుచునే యుండును. నడచుచున్నది గనుక, ఒకటి పోయినదన్న సంగతి ఎవరికిని తెలియదు. అందువలన పైలట్లు ఎగురుటకు ముందు ఇంజనును వేగముగ తిరుగనిచ్చి, ఒక మాగ్నెటోను ఆపి చూచెడివారు. పిదప రెండవదానిని ఆపి చూచెడివారు. ఒంటి మాగ్నెటోతో ఇంజను వేగము కొంచెము తగ్గుట సహజము. మిక్కిలి తగ్గినచో, మిగిలినది పనికిరానిదని అర్థము. తోడు ఏర్పాటులోని మొదటి పాఠమిది: తోడు ఉన్నచోట చెడుగు దాగును. కనుక ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షింపవలెను. మా మోటార్ల విషయమున మేమెన్నడును రెంటిని వంతులవారీగ నడపి చూడలేదు.

ఇక నేటి విమానములకు వత్తము. 2008 మార్చి వరకు హైదరాబాదు ప్రయాణికులకు బేగంపేటయే దారి. తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంతముల వారికి ఆ విమానముల చప్పుడు పరిచితమే. ఆ నెలలో రాకపోకలు శంషాబాదునకు మారినవి. అచ్చటినుండి ఢిల్లీకో, విశాఖపట్టణమునకో పోవువారు తరచుగ ఎక్కునది ఎయిర్‌బస్ 320 తరగతి విమానము. దాని కడుపులో నేమున్నదో చూడుడు. చక్రములను, ఫ్లాపులను, చుక్కానిని కదల్చుటకు నూనెవంటి ద్రవమును గొట్టములలో గొప్ప ఒత్తిడితో నడుపు హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు. వాటికి ఆకుపచ్చ, పసుపు, నీలము అని రంగుల పేర్లు. ఆకుపచ్చ వ్యవస్థకు ఒక ఇంజను బలమిచ్చును. పసుపు వ్యవస్థకు రెండవ ఇంజను. నీలమునకు విద్యుత్ పంపు. ఒకదాని బలమును రెండవదానికి అందించు పరికరమొకటి ఆకుపచ్చ, పసుపు వ్యవస్థల నడుమ కలదు. నేలపై రెండవ ఇంజను మొదలిడునప్పుడు కాళ్లక్రింద కుక్క మొరిగినట్లు, రంపము కోసినట్లు ఒక చప్పుడు ప్రయాణికులకు వినవచ్చును. భయపడనక్కరలేదు; అది ఆ పరికరము తన్నుతాను పరీక్షించుకొను చప్పుడు.

విద్యుత్తునకు ఇంజనుకొకటి చొప్పున రెండు జనరేటర్లు, తోకలోని చిన్న ఇంజనుకు మరియొకటి, అవియు పోయినచో బ్యాటరీలు. ఎగురుచుండగా అన్నియు చేయిచ్చినను, విమానపు పొట్టక్రిందినుండి చిన్న గాలిమర ఒకటి బయటికి వచ్చి, ఎదురుగాలికి తిరిగి, నీలపు వ్యవస్థను నడపి, అత్యవసరమునకు సరిపడు విద్యుత్తును పుట్టించును. రెక్కలనాడించు కంప్యూటర్లును ఒకటి కాదు. అవి రెండు వేర్వేరు రకములు. వేర్వేరు చిప్పులతో, వేర్వేరు బృందములు వ్రాసిన ప్రోగ్రాములతో పనిచేయును. ఒక బృందము చేసిన పొరపాటు రెండవ బృందమును అంటరాదని ఈ జాగ్రత్త.

ఇన్ని యేల అని ప్రశ్నింపవచ్చును. లెక్క చూతము. ఒక పరికరము వేయి ప్రయాణములలో ఒకసారి చెడునని ఊహింతము. అట్టివి రెండున్నచో, ఒకే ప్రయాణములో రెండును చెడు అవకాశము వేయిని వేయిచే గుణించినట్లు పది లక్షలలో ఒకటి. మూడున్నచో నూరు కోట్లలో ఒకటి. విమాన నిర్మాతలకు ప్రభుత్వములు విధించు కట్టడి ఈ తరహాదే: విమానమును కూల్చివేయగల వైఫల్యము దాదాపు నూరు కోట్ల ఎగురు గంటలలో ఒకసారికంటె ఎక్కువ సంభవింపరాదు. ఏ ఒక్క యంత్రమును అంత నమ్మకముగ చేయుట మానవులకు శక్యము కాదు. సామాన్యమైన యంత్రములను జతపరచి అసామాన్యమైన భద్రతను సాధించుటయే తోడు ఏర్పాటులోని కిటుకు.

ఈ లెక్కలోనే వాయిదా యొక్క గుణమును దోషమును రెండును కలవు. రెంటిలో ఒకటి చెడినను విమానము ఎగురగలదు. కావున వాయిదా సాధ్యము. కాని ఒకటి చెడిన క్షణముననే పది లక్షలలో ఒకటియైన అపాయము వేయిలో ఒకటిగ మారినది. రోజునకు 6 ప్రయాణములు చేయు విమానము పది దినములలో 60 ప్రయాణములు చేయును. వేయిలో ఒకటి చొప్పున 60 మారులు జూదమాడినచో ఓడు అవకాశము ఇంచుమించు నూటికి ఆరు. ఈ అంకెలు తీరు తెలియుటకు చెప్పినవే గాని, నిజమైన పరికరములు ఇంతకంటె మిక్కిలి నమ్మకమైనవి. అయినను సూత్రమొకటే: వాయిదాలో గడచు ప్రతిదినమును అపాయమును కొంచెము పెంచును. కాబట్టి వాయిదాకు గడువు ఉండితీరవలెను. గడువు లేని వాయిదాకు వాయిదా అని పేరు తగదు, అది మరపు.

విమాన సంస్థలు ఈ గడువును ఎట్లు పెట్టుకొన్నవో వినుడు. విమానమును తయారుచేసిన వారు, ఆ దేశపు అధికారులు కలిసి, ఏయే పరికరము చెడినను ఏయే షరతులపై ఎగురవచ్చునో మూల జాబితా నొకటి సిద్ధపరతురు. ప్రతి విమాన సంస్థయు దానినిబట్టి తన సొంత జాబితాను వ్రాసికొనును. మూలముకంటె కఠినముగ నుండవచ్చును గాని సడలింపుగ నుండరాదు. మన దేశమున దానిని పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ వారు ఆమోదింపవలెను. దీనిని కనీస పరికరముల జాబితా అందురు. వృత్తిలోని వారు ఎం.ఇ.ఎల్. అని పిలుతురు.

ఆ జాబితాలో ఒక్కొక్క పరికరమున కెదురుగ, విమానములో ఎన్ని ఉన్నవి, బయలుదేరుటకు ఎన్ని పనిచేయవలెను, తక్కువైనచో ఏమి జాగ్రత్త తీసికొనవలెను అని వ్రాసియుండును. మెకానిక్కు చేయవలసిన పని వేరుగను, పైలట్లు పాటింపవలసిన పద్ధతి వేరుగను చెప్పబడును. దాని పక్కన ఎ, బి, సి, డి అను నాలుగక్షరములలో ఒకటి ఉండును. బి అనగా మూడు దినములు. సి అనగా పది దినములు. డి అనగా నూట యిరువది దినములు. ఎ అక్షరము గలవాటికి గడువును విడిగా అచ్చటనే వ్రాయుదురు. లోపము కనుగొన్న దినమును లెక్కలోనికి తీసికొనరు. జాబితాలో లేని భాగము క్షేమమునకు సంబంధించినదైనచో, అది పనిచేసి తీరవలెను. వాయిదా మాటయే లేదు.

లోపము కనబడగనే దానిని విమానముతోపాటు తిరుగు లాగ్ పుస్తకమున వ్రాయుదురు. అర్హతగల ఇంజనీరు పరిశీలించి, జాబితాలోని అంశమును చూపి, గడువు తేదీ వేసి, సంతకము చేయును. పైలట్ల యెదుట ఆ మీట దగ్గర 'పనిచేయదు' అను చీటీ అంటింతురు. తరువాత ఎక్కు ప్రతి పైలట్టును ఆ పుటను చదివి, ఇతర లోపములతో కలిపి ఆలోచించి, అంగీకరింపవలెను. జాబితా సమ్మతించినను, నేటి వాతావరణములో, నేటి దారిలో ఈ లోపముతో పోజాలనని నిరాకరించు హక్కు కెప్టెనునకు ఎప్పుడును కలదు. దారినిబట్టి షరతులు మారుననుట గమనింపదగినది. విజయవాడకు పోవునప్పుడు ఉపేక్షింపదగిన లోపము, అమెరికాలోని పిల్లలను చూడబోవు తల్లిదండ్రులతో మహాసముద్రముపై గంటల తరబడి పోవు జంట ఇంజన్ల విమానమునకు చెల్లకపోవచ్చును. దగ్గరలో దిగుటకు చోటు లేదు గదా.

ఉదాహరణమునకు తోకలోని చిన్న ఇంజనును చూడుడు. అది చెడినను విమానము ఎగురవచ్చును. కాని నేలపై చల్లగాలికిని, పెద్ద ఇంజన్లను ప్రారంభించుటకును బయటి యంత్రములను తేవలెను. మే నెలలో శంషాబాదునందు తలుపులు మూసిన పిదప విమానములో ఉక్కపోసి, విసనకఱ్ఱలవలె కాగితములు విసరుకొన్న అనుభవము కొందరికి ఉండవచ్చును. దానికి ఇట్టి వాయిదా ఒక కారణమై యుండవచ్చును. అసౌకర్యమే గాని అపాయము కాదు.

అసలు వాయిదాయే వేయకుండ, చెడినదానిని చెడినచోటనే బాగుచేసిన ఏమి? ఈ ప్రశ్న సహజమే. రాజమహేంద్రవరమువంటి చిన్న విమానాశ్రయమున ప్రతి భాగమును నిలువయుంచుట సాధ్యము కాదు. వానలో, చీకటిలో, తొందరలో చేసిన మరమ్మతు కంటె, షెడ్డులో సరియైన పనిముట్లతో తీరుబడిగ చేసిన మరమ్మతు మేలైనది. విప్పి బిగించు ప్రతిపనియు ఒక క్రొత్త పొరపాటునకు తావిచ్చును. కనుక నియమబద్ధమైన వాయిదా లోభము కాదు; అనేక సందర్భములలో అదియే వివేకము.

అయినను వివేకము వికటించిన సందర్భములును చరిత్రలో కలవు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగు 767 మాంట్రియల్ నుండి ఒట్టావా మీదుగ ఎడ్మంటన్‌కు బయలుదేరెను. ఇంధనమును కొలుచు కంప్యూటరులో రెండు మార్గములుండెడివి. ఒకటి చెడినచో రెండవది పనిచేయవలెను. చిన్న టంకపు లోపమువలన ఒక మార్గము చెడెను; కాని పూర్తిగ చావక, సగము బ్రదికి, రెండవదానిని కూడ మూగజేయుచుండెను. ఒక మెకానిక్కు చెడిన మార్గమునకు విద్యుత్తునందించు బ్రేకరును లాగివేయగా, రెండవది చక్కగ పనిచేసెను. అతడు ఆ సంగతి వ్రాసి చీటీ అంటించెను. తరువాత మరియొక మెకానిక్కు పరీక్షకొరకై బ్రేకరును మరల నొక్కి, వేరొక పనిలోపడి, దానిని తిరిగి లాగుట మరచెను. గేజీలన్నియు శూన్యమయ్యెను. గేజీలన్నియు పోయినచో ఎగురుటకు జాబితా ఒప్పదు. కాని అనుమతి ఉన్నదని కెప్టెను పొరబడెను.

గేజీలు లేనందున ట్యాంకులలోని ఇంధనమును పుల్లతో కొలచి, లీటర్లను బరువులోనికి మార్చిరి. ఆ విమానము కిలోల లెక్కది. వారు వాడిన గుణకము 1.77, అది పౌనులది. కిలోలకైనచో సుమారు 0.8 వాడవలెను. శేర్లు, వీశెలు పోయి కిలోలు వచ్చిన దినములలో మన అంగళ్లలో జరిగిన తికమకయే ఇది. కావలసిన 22,300 కిలోలలో సగమునకును తక్కువయే విమానములో నుండెను. 41,000 అడుగుల ఎత్తున ఎగురుచుండగా ఇంధనము అయిపోవచ్చి, ఒకదాని వెంట నొకటిగ ఇంజన్లు రెండును ఆగిపోయెను. అప్పుడు పొట్టక్రింది గాలిమర బయటికి వచ్చి, విమానమును నడపుటకు చాలినంత బలమిచ్చెను. గ్లైడరు నడపిన అనుభవము గల కెప్టెను పియర్సన్ దానిని గిమ్లీ అనుచోట, కారు పందెములకు వాడుచున్న పాత వైమానికదళ రన్‌వేపై దింపెను. 69 మందియు క్షేమము.

ఈ కథలో ఒక తోడు ఏర్పాటు విఫలమై, మరియొకటి ప్రాణములు నిలిపినది. తప్పు వాయిదాలో లేదు. వాయిదా వేసిన సంగతి ఒక చేతినుండి మరియొక చేతికి చక్కగ అందకపోవుటలో ఉన్నది. మొదటి మెకానిక్కు తెలిసి చేసిన పని, రెండవవానికి తెలియక చెడిపోయెను.

అదే సంవత్సరము మే 5న అమెరికాలో మరియొక విచిత్రము జరిగెను. మూడు ఇంజన్ల లాక్‌హీడ్ విమానమొకటి 172 మందితో మయామీనుండి నాసావునకు పోవుచుండగా, మూడు ఇంజన్లలోను నూనె కారిపోయెను. మూడు ఇంజన్లును వేర్వేరు. నూనె ట్యాంకులును వేర్వేరు. అయినను ముందురాత్రి మూడింటిలోను ఒక చిన్న భాగమును మార్చునప్పుడు, కారకుండ పట్టు రబ్బరు వలయములు ఒక్కదానికిని అమర్పబడలేదు. ముందుగ ఆపివేసిన ఇంజనును చివరకు మరల ప్రారంభించి, దానితోనే మయామీలో దిగగలిగిరి. ఇంజన్లు మూడు, వాటిపై జరిగిన పొరపాటు ఒక్కటి. నేడు సముద్రములు దాటు జంట ఇంజన్ల విమానములందు రెండు ఇంజన్లపై ఒకే పనిని ఒకే మెకానిక్కు ఒకే పూటలో చేయకుండ నియమము పాటింతురు.

చేయి ఒకటి కారాదన్నట్లే, చోటును ఒకటి కారాదు. 1989 జూలై 19న అమెరికాలో ఒక డి.సి. 10 విమానపు తోకలోని ఇంజను చక్రము పగిలి, ఆ ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థల గొట్టములను ఒక్కమారే తెగగొట్టినవి. వ్యవస్థలు మూడే; కాని తోకలో మూడును దగ్గరగ నుండెను. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్ల బలమును హెచ్చించి తగ్గించి సూ సిటీకి చేర్చిరి. 296 మందిలో 184 మంది బ్రదికిరి.

ఇది వ్రాయుచుండగా మా మోటార్లు మరల జ్ఞప్తికి వచ్చుచున్నవి. తరువాత వచ్చిన మోటారు మిస్త్రీ మూత తెరచి చూపినది ఇదియే. మోటార్లు రెండైనను, రెండును ఒకే సంపులోనుండి నీరు తోడునవే. వేసవి మొగమున సంపు అడుగంటి, నీరు లేక తిరిగి మొదటిది కాలెను. ఆ కారణము విచారింపకయే రెండవదానిపై భారమంతయు వేసితిమి. అదియు అట్లే కాలెను. రెండున్నవని మేమనుకొన్నాము, నిజమునకు ఉన్నది ఒకటిన్నర.

మన తెలుగునేలపై జరిగిన ఒక సంఘటన ఈ సంగతిని ఇంకను స్పష్టపరచును. 1993 నవంబరు 15న ఇండియన్ ఎయిర్‌లైన్సువారి ఎయిర్‌బస్ 300 విమానము మద్రాసునుండి హైదరాబాదునకు వచ్చెను. ఇచ్చట దృశ్యము సరిగా లేనందున దిగలేక మరల పైకి లేచెను. దిగుటకై రెక్కల అంచులనుండి చాచిన ఫ్లాపులు ముడుచుకొనలేదు. దానిని సరిచేయుటకు కొంతసేపు ప్రయత్నించి, తుదకు మద్రాసువైపు మరలిరి. చాచిన ఫ్లాపులతో విమానము గొడుగు విప్పి ఎదురుగాలిలో నడచు మనిషివంటిది. వేగము తగ్గును, ఇంధనము మిక్కిలి కాలును. మద్రాసు చేరకమునుపే ఇంధనము అయిపోగా, తిరుపతి సమీపమున వరిపొలములో దింపవలసి వచ్చెను. విమానము మరల పనికిరాకపోయెను గాని, అందులోని 262 మందియు ప్రాణములతో బయటపడిరి.

ఇది వాయిదా మరమ్మతు కథ కాదు. అయినను దీనిలోని పాఠము వాయిదాకు మూలసూత్రము. దిగవలసిన చోట దిగలేనిచో వేరొకచోటికి పోవుటకు విమానములో అదనపు ఇంధనముంచుదురు. అదియు ఒక తోడు ఏర్పాటే. కాని ఆ ఇంధనపు లెక్క ఫ్లాపులు ముడుచుకొన్న విమానమునకు వేసినది. ఒక లోపము వచ్చి, దానికి సంబంధములేదనుకొన్న మరియొక నిలువను తినివేసినది. అందువలననే జాబితాను చదువు పైలట్టు ఒక్కొక్క లోపమును విడిగా గాక, అన్నిటిని కలిపి చూడవలెనని నియమము. ఏ జాబితాయు అన్ని కలయికలను ముందుగ వ్రాయజాలదు.

చివరిగ ఒక విషాదము. 2007 జూలై 17న బ్రెజిల్ దేశపు సావ్ పావ్లో నగరమున ఎయిర్‌బస్ 320 విమానమొకటి తడిసిన రన్‌వేపై దిగెను. దిగిన పిదప ఇంజను వాయువును ముందునకు మరల్చి వేగము తగ్గించు రివర్సరు అను సాధనము కుడి ఇంజనుకు పనిచేయుటలేదు. నియమము ప్రకారమే దానిని బిగించి వాయిదా వేసియుండిరి. ఎడమవైపు మీటను వెనుకకు లాగిరి. కుడి ఇంజను మీట మాత్రము ముందుకు నడపు స్థానముననే ఉన్నట్లు విమానములోని నమోదు పరికరము చూపినది. విమానము ఆగక రన్‌వే దాటి భవనమును గుద్దుకొనెను. నేలపైనున్న వారితో కూడ 199 మంది మరణించిరి. జాబితా ఒప్పుకొన్న లోపమే అది. కాని యంత్రము దించుకొన్న భారము మనిషి చేతిమీదికి వచ్చి చేరినది. రెండు మీటలను ఒకేతీరుగ లాగుటకు అలవాటుపడిన చేతికి ఆ దినమున వేరుతీరు అవసరమయ్యెను. వాయిదా వేసినప్పుడు భారము మాయము కాదు. ఒకచోటినుండి మరియొకచోటికి మారును. ఎవరిమీదికి మారినదో ఆ మనిషికి తెలిసియుండవలెను.

ఈ విషయమంతయు రేడియో వినువారికి దూరమైనది కాదు. మా రామంతాపూరులోనే దూరదర్శన్ కేంద్రము కలదు. కరెంటు పోయినను ప్రసారము ఆగకుండ ప్రసార కేంద్రములు జనరేటర్లను సిద్ధముగ నుంచుకొనును. కరెంటు ఉన్నప్పుడే ఆ జనరేటరును నడపి చూచినవారికే, పోయినప్పుడు అది అక్కరకు వచ్చును. తార్నాకలోని ఆసుపత్రియైనను, ఊరి మంచినీటి పథకమైనను, పాఠశాల బస్సు బ్రేకులైనను సంగతి ఒక్కటే.

ఇకమీద విమానమెక్కినప్పుడు, ఒక దీపము వెలుగలేదనియో, ఒక పరికరము పనిచేయుటలేదని పైలట్టు చెప్పెననియో భయపడనక్కరలేదు. వ్రాసి, తేదీ వేసి, సంతకము పెట్టి ఒప్పుకొన్న లోపముకంటె, ఎవరును వ్రాయని లోపము ప్రమాదకరము. అట్లే, మరమ్మతుకై విమానము రెండు గంటలు ఆలస్యమైనచో కౌంటరు వద్దనున్న వారిపై కేకలు వేయుటయు తగదు. ఆ ఇంజనీరు గడువు మీరరాదని ఆగియుండవచ్చును. ఆ కెప్టెను తన హక్కును వాడుకొని కాదని యుండవచ్చును. మన తొందర వారి నిర్ణయముపై బరువు కారాదు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొమ్మని మన పెద్దలు చెప్పిరి. రెండు దీపములున్న ఇంట ఒకటి ఆరినప్పుడు, మిగిలిన దీపమును చూచి చీకటి లేదనుకొందుము. నిజమునకు ఆ వెలుతురు, ఆరినదానిని మరల వెలిగించుకొనుటకు మనకు లభించిన వ్యవధి. మా భవనమున ఇప్పుడు మోటారు గదిలో ఒక పలక వ్రేలాడుచున్నది. ఏ మోటారు ఎప్పుడు చెడినది, ఏ కారణమున, ఎవరు చూడవలెను, ఏ తేదీలోపల అని నాలుగు గడులు గీసినాము. వారము విడిచి వారము మోటార్లను మార్చి నడపుచున్నాము. సంపులో నీరు తగ్గినచో రెంటిని తానే ఆపివేయు తేలు బుడ్డి నొకటి పెట్టించినాము. మొన్నటి వర్షాకాలమున ఆ పలకపై ఒక వరుస నిండినది. ఎదుట వేసిన గడువు ఐదు దినములు. మిస్త్రీ నాలుగవనాడు వచ్చెను.